రెండూ యాభై రెండుకి నిద్రపోయిన కంప్యూటర్

“నిన్న మధ్యాహ్నం ఎన్నింటికి నిద్రపోయింది?” అని అడిగాడు బావ.

మేజర్ మీసం ఒక్కసారి అదిరింది. “ఎవరు? ఈవిడా?” అని పక్కన కూర్చున్న ఆవిడని చూపించాడు.

“ఈవిడ సంగతి తర్వాత. ఈవిడ కంప్యూటర్.”

మేమిద్దరం ఆ వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే హాల్లో అడుగుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు. గోడ గడియారం మూడూ పన్నెండు చూపిస్తోంది. బావ అంటే మా అక్క మొగుడు. ఇరవై ఏళ్లు కంప్యూటర్ రిపేరు షాపు నడిపి, పోయిన ఫైళ్లని వెతకడం కంటే వాటిని ఎత్తుకుపోయినవాళ్లని వెతకడంలో ఎక్కువ మజా ఉందని కనిపెట్టి డిటెక్టివ్ అయ్యాడు. నేను స్కూటర్ నడుపుతాను, నోట్సు రాస్తాను, అవసరమైతే అక్కకి అబద్ధాలు చెబుతాను. ఇంతకంటే మంచి ఉద్యోగం ఉంటుందని నేననుకోను.

బావకి రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఒక కునుకు తియ్యాలి. అది తప్పితే మనిషి మనిషి కాదు. ఇవాళ ఆ కునుకు మధ్యలో మేడమ్ ఫోన్ చేసింది. పాడైన ఆ నిద్రకి సాయంత్రంలోగా ఎవరో ఒకరు జవాబు చెప్పుకోక తప్పదని నాకు స్కూటర్ మీదే అర్థమైంది.

మేడమ్ ఈ వర్క్‌షాపు యజమానురాలు. ఇక్కడ కృత్రిమ కాళ్లు తయారవుతాయి. మూడేళ్లుగా వీళ్లు ఒక కొత్త మోకాలు తయారు చేస్తున్నారు. మెట్లు దిగేటప్పుడు మనిషిని పడెయ్యకుండా తనే మడుచుకునే మోకాలట. దాని పూర్తి డ్రాయింగు మేడ మీద మేడమ్ గదిలో, ఆవిడ కంప్యూటర్లో మాత్రమే ఉంటుంది. నిన్న మధ్యాహ్నం రెండూ ఇరవై ఐదుకి ఎవరో ఆ కంప్యూటర్‌కి పెన్ డ్రైవ్ పెట్టారు. రెండూ ముప్పై ఎనిమిదికి తీసేశారు. పొద్దున్న ఆ సంగతి తెర మీద చూసి మేడమ్ గదికి తాళం వేసింది. తాళం చెవి అప్పటినుంచి ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

నిన్న రెండింటికి మేడమ్ బయటికి వెళ్లింది. వర్కర్లంతా వెనక షెడ్డులో కొత్త మిషన్ బిగించే పనిలో ఉన్నారు. ఈ బిల్డింగులో మిగిలింది ఇద్దరే. ఒకరు ఇందాక మేజర్ చూపించినావిడ, ఆ మోకాలిని గీసిన డ్రాయింగ్ అక్క. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. రెండోవారు డిజైన్ విభాగానికి పెద్ద అయిన హెడ్ సారు. ఆయనకి హాలు చివర అద్దాల క్యాబిన్ ఉంది. బయటివాళ్లెవరూ గేటు దాటి రాలేదని గేటు దగ్గర కెమెరా చెబుతోంది.

టేబుల్ మీద టైపు చేసిన ఉత్తరం ఒకటి సిద్ధంగా ఉంది. డ్రాయింగ్ అక్కని ఉద్యోగంలోంచి తీసేస్తూ, ఆమె మీద పోలీసు కేసు పెడుతూ రాసిన ఉత్తరం. ఐదింటికి మేడమ్ సంతకం చేస్తుంది. చెయ్యడం ఇష్టం లేకే మాకు ఫోన్ చేసిందని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

“రిపేరుగారికి లెక్కలు చెబుతా, రాసుకోమనండి,” అన్నాడు మేజర్. ఈయన ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. సెక్యూరిటీ కాంట్రాక్టరు. మీసం వల్ల ఆ పేరు వచ్చింది. ఇంతకుముందు రెండు కేసుల్లో బావ చేతిలో ఓడిపోయాడు. ఆ రెండూ ఆయనకి బాగా గుర్తున్నాయి. “మేడమ్ ఆర్డర్ ప్రకారం ఇక్కడ ఏ కంప్యూటరైనా ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రలోకి వెళ్తుంది. కరెంటు ఆదా. ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు లేచిందో అదే రాసిపెట్టుకుంటుంది. ఈవిడ కంప్యూటర్ రెండూ పదికి పడుకుంది, మూడింటికి లేచింది. అంటే రెండూ ఐదు నుంచి మూడు దాకా ఈవిడ సీట్లో లేదు. హెడ్ సారు కంప్యూటర్ రెండూ యాభై రెండు దాకా పడుకోనేలేదు. అంటే ఆయన సీట్లోనే ఉన్నాడు. ఇద్దర్లో ఒకరు కదల్లేదు. దొంగెవరో చంటిపిల్లాడైనా చెబుతాడు.”

“చంటిపిల్లాడు చెబితే నమ్మేద్దును. చెప్పింది మీరు గనక ఇంకోసారి చూసుకుంటా.”

“చూసుకోండి. ఐదింటిదాకా టైముంది.”

బావ డ్రాయింగ్ అక్క టేబుల్ దగ్గరికి వెళ్లాడు. కీబోర్డు లేదు, మౌస్ లేదు. రెండూ ఊడదీసి తన బ్యాగులో పెట్టుకున్నానని మేజర్ గర్వంగా చెప్పాడు. సాక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఆ జాగ్రత్త. కంప్యూటర్ పెట్టె మీద మాత్రం చిన్న తెల్ల లైటు మెల్లగా వెలుగుతూ, మెల్లగా మసకబారుతూ ఉంది.

“చూశావా బామ్మర్దీ, ఊపిరి తీసుకుంటోంది,” అన్నాడు బావ ముద్దుగా. “లైటు ఇలా పెరిగి తగ్గుతుంటే నిద్రలో ఉన్నట్టు. కదలకుండా నిలబడితే లేచినట్టు.”

రాసుకున్నాను.

“దీన్లో ఫైళ్లింకా తెరిచి చూడలేదేం?”

“ఐదింటికి తెరుస్తాం. అందరి ముందూ,” అన్నాడు మేజర్. “నాలుగున్నర టీ తాగి అందరూ వచ్చాక తెరిస్తే సాక్షులుంటారని హెడ్ సారు సలహా ఇచ్చారు.”

“మంచి సలహా,” అన్నాడు బావ. ఆ మాట అన్న తీరు నాకు తెలుసు. మా అక్క కొత్తగా ఏదైనా వండినప్పుడు కూడా అచ్చం అలాగే అంటాడు.

డ్రాయింగ్ అక్కని మెట్ల కిందికి తీసుకెళ్లాం. ముప్పై ఐదేళ్లుంటాయి. వేళ్లకి పెన్సిలు మసి. కళ్ల కింద నల్లగా ఉంది.

“నేను తియ్యలేదు సార్.”

“తెలుసమ్మా. తీసినదానివైతే పొద్దున్నించీ ఇక్కడే కూర్చుని ఉండవు. నిన్న రెండూ ఐదు నుంచి మూడు దాకా ఎక్కడున్నావు?”

ఆమె మెట్ల వైపు చూసింది, నా నోట్సు వైపు చూసింది. బావ సైగ చేస్తే పుస్తకం మూసేశాను.

“ఫోమ్ గదిలో.” కాళ్ల లోపల మెత్తగా ఉండడానికి వేసే ఫోమ్ షీట్లు పెట్టే గది అది.

“ఏం చేస్తున్నావు?”

“పడుకున్నాను సార్.”

ఆ మాట ఎంత సిగ్గుతో చెప్పిందంటే దొంగతనమే ఇంతకంటే నయమేమో అనిపించింది నాకు. ఆమె తల వెనకాలే గోడ మీద నోటీసుంది. డ్యూటీలో నిద్రపోతే ఉద్యోగం పోతుందని, మేడమ్ సంతకంతో.

“మా అన్నయ్యకి ఒక కాలు లేదు సార్. ఈ మోకాలు మొట్టమొదట వాడికే తొడిగి చూశాం. పోయిన వారం మెట్ల మీద పడ్డాడు. వాడు నవ్వుతూనే లేచాడు గానీ నాకు మాత్రం ఆ రోజు నుంచి నిద్ర లేదు. తప్పెక్కడుందో ఆఫీసులో చెప్పే ముందు నాకు తెలియాలి గదా. మూడు రాత్రులు ఇంట్లో కూర్చుని మడత దగ్గర భాగం మొత్తం మళ్లీ గీశాను. నిన్న మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడిపోయాయి. పది నిమిషాలే అనుకున్నాను.”

“గంట అయిపోయింది.”

“అవును సార్.”

“అంతే మరి. నిద్ర మన మాట వినదు,” అన్నాడు బావ అనుభవంతో.

“పడుకున్నానని చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే దొంగనవుతాను. రెండోదైతే మా అన్నయ్య మొహం ఎలా చూడను? నా మోకాలు అమ్ముకుందిరా నా చెల్లెలు అనుకోడా?” నాకు చాలా బాధ వేసింది. నాకూ ఒక అక్క ఉంది.

“నువ్వు పడుకున్నావు, నీ కంప్యూటరూ పడుకుంది,” అన్నాడు బావ. “ఇంతవరకూ ఈ బిల్డింగులో నాకు నిజం చెప్పింది మీ ఇద్దరే. ధైర్యంగా ఉండు తల్లీ.”

హెడ్ సారు మాత్రం చాలా మర్యాదస్తుడు. మేం క్యాబిన్‌లోకి వెళ్లగానే కుర్చీలు జరిపాడు, మంచినీళ్లిచ్చాడు. అద్దాల లోపల తెర దించి ఉంది.

“నిన్న రెండింటి నుంచీ ఎక్కడున్నారు?”

“ఈ కుర్చీలోనే. కంప్యూటరే సాక్ష్యం.”

“మరి రెండూ యాభై రెండుకి ఎందుకు పడుకుంది?”

“మొహం కడుక్కుందామని వెళ్లాను. యాభై ఆరుకి వచ్చి లేపాను. కాపీ చెయ్యడం అప్పటికే అయిపోయింది గదండీ.”

“అయిపోయింది, అయిపోయింది,” అన్నాడు బావ తల ఊపుతూ. “ఒక్కసారి మీ కుర్చీలో కూర్చోనా?”

కూర్చున్నాడు. సొంత షాపులో కూర్చున్నట్టు వెనక్కి వాలాడు. డ్రాయర్లు తియ్యలేదు, కాగితాలు ముట్టుకోలేదు. మౌస్ పట్టుకుని అటూ ఇటూ జరిపాడు. తర్వాత మౌస్ పక్కన పెట్టి, దాని కింద ఉండే మెత్తటి నల్ల ప్యాడ్‌ని బొటనవేలితో తడిమాడు.

“ఐదు నిమిషాలు పలకరించకపోతే పడుకుంటుంది. లేపాలంటే పదహారు అక్షరాల పాస్‌వర్డ్. విసుగు రాదా మీకు?”

హెడ్ సారు హాయిగా నవ్వాడు. “రాకపోవడమేంటండీ? ఒక డ్రాయింగు వైపు కాస్త ఆలోచిస్తూ చూస్తుంటే చాలు, తెర ఆరిపోతుంది. ఆఫీసులో అందరూ తిట్టుకునేది దాన్నే.”

“ఇప్పుడు టైమెంతయిందండీ?”

హెడ్ సారు ఎడమ చెయ్యి పైకెత్తాడు. మణికట్టు మీద ఏమీ లేదు. వాచీ ఉండే చోట పట్టీలా తెల్లగా ఉంది. ఆయన మెడ సాచి తలుపులోంచి గోడ గడియారం చూసి, “మూడూ ముప్పై ఐదు,” అన్నాడు.

“వాచీ ఏమైంది?”

“బ్యాటరీ అయిపోయిందండీ. నిన్న సాయంత్రం వీధి చివర వాచీ తాతకి ఇచ్చాను.”

“అయ్యో,” అని బావ లేచాడు. లేస్తూ నా వేలు పట్టుకుని ప్యాడ్ మీద పెట్టాడు. నాకు అక్కడ గుండ్రటి గుంట తగిలింది. చిన్న బిస్కెట్టంత ఉంది. దాని అంచున ఒక పక్క బియ్యపు గింజంత నొక్కు. ఒక్కరోజులో పడిన గుంట కాదది. చాలా రోజులుగా ఏదో అక్కడే కూర్చుని లేస్తోంది.

“బామ్మర్దీ, తలనొప్పిగా ఉందిరా. వీధి చివరికి వెళ్లి మాత్ర పట్రా.”

బావకి పుట్టి బుద్ధెరిగాక తలనొప్పి రాలేదు. తలనొప్పి ఇవ్వడమే గానీ తెచ్చుకోవడం ఆయనకి తెలియదు. నాకు విషయం అర్థమై వీధి చివరికి నడిచాను.

వాచీ తాత కొట్టు ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేంత ఉంది. ఆయన కంటికి అద్దం బిగించుకుని ఎవరిదో గడియారం పొట్ట విప్పుతున్నాడు. హెడ్ సారు వాచీ గురించి అడిగితే చీటీ లేనిదే ఇవ్వనన్నాడు. ఇవ్వక్కర్లేదు, చూస్తే చాలన్నాను. కొక్కేనికి వేలాడుతున్న వాచీ చూపించాడు. దానికి దారంతో ఒక కాగితం ముక్క కట్టి ఉంది. కాగితం మీద మూడు వరసలు. నిన్నటి తేదీ, తెచ్చింది సాయంత్రం ఆరూ పదిహేను, ఆగింది రెండూ నలభై ఏడు.

“ఆగిన టైమ్ కూడా రాస్తావా తాతా?”

“రాయకుండా బ్యాటరీ వెయ్యను. ఒకసారి ఒకాయన వచ్చి, నా వాచీ బాగానే తిరుగుతుండేది, నువ్వే ఆపేశావని వీధంతా వినేలా గొడవ చేశాడు. అప్పట్నుంచీ వాచీ ఎక్కడ ఆగి ఉందో చూసి, వచ్చినాయనకి చూపించి, రాసి కడతాను. ముప్పై ఏళ్లయింది, మళ్లీ ఒక్కడూ నోరెత్తలేదు.”

ఆ కాగితాన్ని, వాచీని కలిపి ఫోనులో ఫోటో తీసుకున్నాను. దారిలో వేళ్ల మీద లెక్క వేశాను. నలభై ఏడుకి ఐదు కలిపితే యాభై రెండు. రెండోసారి కూడా యాభై రెండే వచ్చింది. ఆనందం పట్టలేక మాత్ర కొనడం మర్చిపోయాను.

నేను తిరిగి వచ్చేసరికి నాలుగూ ఎనిమిది. ఫోటో చూసి బావ పిల్లాడిలా మురిసిపోయాడు. మేడమ్‌ని, మేజర్‌ని, డ్రాయింగ్ అక్కని క్యాబిన్ దగ్గరికి పిలిచాడు. హెడ్ సారు చేత పాస్‌వర్డ్ కొట్టించి కంప్యూటర్ లేపించాడు. తర్వాత నా ముందు చెయ్యి చాపాడు.

“నీ వాచీ ఇవ్వు.”

మా ఆవిడ కొనిచ్చిన వాచీ అది. ఇచ్చాను. బావ దాన్ని మొహం పైకి ఉండేలా ప్యాడ్ మీది గుంటలో పెట్టాడు. కీ తిప్పే మర బియ్యపు గింజంత నొక్కులో కూర్చుంది. వాచీ అద్దం మీద మౌస్ పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“ఇక ఎవరూ ముట్టుకోకండి. తెర మీద బాణం చూడండి.”

బాణం సెకనుకోసారి సన్నగా అదురుతోంది.

“మౌస్ పొట్ట కింద ఒక కన్నుంటుంది,” అన్నాడు బావ. “కింద ఏదైనా కదిలితే చాలు, చెయ్యే కదిలిందనుకుంటుంది. సెకన్ల ముల్లు కదులుతున్నంతసేపూ కంప్యూటర్ ఎదురుగా మనిషి ఉన్నాడనే అనుకుంటుంది. పాపం, అంతకంటే దానికేం తెలుసు?”

ఐదు నిమిషాలైంది. పడుకోలేదు. ఏడైంది, ఎనిమిదైంది. మేజర్ మీసం కింద పెదవులు బిగుసుకున్నాయి. నాలుగూ పంతొమ్మిదికి బావ వాచీ తీసి నాకిచ్చాడు. నాలుగూ ఇరవై నాలుగుకి తెర నల్లబడి, పెట్టె మీద లైటు మెల్లగా ఊపిరి తియ్యడం మొదలుపెట్టింది.

“హెడ్ సారు వాచీ ఆగింది రెండూ నలభై ఏడుకి,” అన్నాడు బావ ఫోను చూపిస్తూ. “కంప్యూటర్ పడుకుంది యాభై రెండుకి.”

“రాత్రి రెండూ నలభై ఏడుకి ఆగి ఉండొచ్చు గదా!” అన్నాడు హెడ్ సారు. మర్యాద కాస్త తగ్గింది.

“నిన్న మీటింగు ఎన్నింటికి అయిపోయిందని నేనడిగితే ఆ వాచీ చూసేగా ఒకటిన్నర అన్నారు?” అంది మేడమ్.

హెడ్ సారు గోడ గడియారం వైపు చూశాడు. ఈ పది నిమిషాల్లో ఆయన అటు చూడడం అది ఆరోసారి. నేను గీతలు పెట్టుకుంటున్నాను.

“విసుగొచ్చి వాచీ పెట్టుకుంటాను, నిజమే,” అన్నాడు. “నిన్న పెట్టి షెడ్డు వైపు నడిచొచ్చాను. అది దొంగతనమా?”

“ఆగండి, ఆగండి,” అని మేజర్ ముందుకొచ్చాడు. “రిపేరుగారూ, మీ గారడీ బాగుంది. ఈయన సీట్లో లేడని తేలింది. మేడ మీద ఉన్నాడని ఎక్కడ తేలింది? ఈవిడా సీట్లో లేదు. ఈవిడెక్కడుంది? అది చెప్పండి ముందు.”

మేజర్ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆమె ఎక్కడుందో బావ చెప్పకూడదు, చెప్పడు కూడా.

డ్రాయింగ్ అక్క గోడకి ఆనుకున్నదల్లా నిటారుగా నిలబడింది.

“ఫోమ్ గదిలో పడుకున్నాను మేడమ్. గంటసేపు. తప్పే. దానికి ఉద్యోగం తీసెయ్యండి, కిక్కురుమనను. దొంగని మాత్రం కాదు.”

మేడమ్ మొహంలో రంగు మారింది. హెడ్ సారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

“విన్నారుగా? ఇవాళ నిద్ర అంటుంది, రేపు ఇంకోటి అంటుంది. ఎందుకండీ ఈ రభస? నాలుగూ ఇరవై ఎనిమిదైంది. అందరం వెళ్లి టీ తాగి వద్దాం. వచ్చి ఆవిడ కంప్యూటర్ తెరుద్దాం. అందులోనే తేలిపోతుంది.” తలుపు దాకా వెళ్లి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. “రండి డిటెక్టివ్‌గారూ, ఇవాళ అల్లం వేసి పెట్టమన్నాను.”

“నాకు వద్దు,” అన్నాడు బావ.

నా చేతిలో పెన్ను జారిపడింది. బావ చేతికి టీ ఇస్తే వద్దనడం నేను ఇంతవరకూ చూడలేదు. మా అక్క పెళ్లిచూపుల్లో మూడు కప్పులు తాగిన మనిషి.

“ఎవరూ వెళ్లొద్దు,” అన్నాడు బావ. “హెడ్ సారు ఇందాకటినుంచీ మనందర్నీ ఈ హాల్లోంచి పంపించడానికి తెగ తాపత్రయపడుతున్నారు. ఎందుకో నాకూ తెలీదు. కాసేపు కూర్చుంటే తెలుస్తుంది.”

కూర్చున్నాం. హెడ్ సారు నిలబడే ఉన్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నాలుగున్నర అయింది.

హాల్లో ఎక్కడో ఫ్యాను తిరిగిన చప్పుడు సన్నగా వినిపించింది. ఏ చప్పుడో ముందు ఎవరికీ అర్థం కాలేదు. నేను డ్రాయింగ్ అక్క టేబుల్ వైపు చూశాను. పొద్దున్నించీ ఊపిరి తీస్తున్న ఆ చిన్న లైటు ఇప్పుడు కదలకుండా నిలబడి ఉంది.

“బావా! లేచింది!”

టేబుల్ దగ్గర ఎవరూ లేరు. కీబోర్డూ మౌసూ మేజర్ బ్యాగులోనే ఉన్నాయి. ఆయన బ్యాగుని రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“తగిలించండి మేజర్‌గారూ. టైమ్ రాసుకోండి. ఈ కేసు మీ చేత్తోనే తెరుద్దాం,” అన్నాడు బావ.

మేజర్ కీబోర్డు తగిలించాడు. డ్రాయింగ్ అక్క పాస్‌వర్డ్ కొట్టింది. మొదటిసారి తప్పు పోయింది. రెండోసారి తెర వెలిగింది. ఆమె ఫైళ్ల మధ్య కొత్తది ఒకటి కూర్చుని ఉంది. మోకాలి డ్రాయింగు. వచ్చింది ఇవాళ నాలుగున్నరకి. పంపింది మేడమ్ గదిలోని కంప్యూటర్.

“నా గదికి తాళం వేసి ఉంది!” మేడమ్ గుప్పిట విప్పి తాళం చెవి చూపించింది. “లోపల ఎవరూ లేరు.”

“మనిషెందుకమ్మా? మీ నోటీసులు అందరికీ ఎలా వెళ్తాయి?”

“నా కంప్యూటరే పంపిస్తుంది. పడుకున్నవాటిని లేపి మరీ పెడుతుంది. టైమ్ చెప్పి ఉంచితే చాలు.” ఆవిడ ఆగింది. “కానీ అది కూడా ఐదు నిమిషాలకి... లేదు. అది పడుకోదు. ఫోన్ మీటింగుల మధ్యలో తెర ఆరిపోతోందని పది రోజుల క్రితం మార్పించాను.”

“ఎవరి చేత?”

మేడమ్ హెడ్ సారు వైపు చూసింది. అందరినీ పడుకోమని ఆర్డరేసిన కంప్యూటర్ ఒక్కటే పది రోజులుగా కన్ను మూయలేదు. పాస్‌వర్డ్ అడగకుండా, వచ్చినవాడికల్లా తలుపు తీసి కూర్చుంది.

“ఆగండి,” అన్నాడు మేజర్. ఆయన గొంతు నెమ్మదించింది. “నిన్ననే ఈవిడ కంప్యూటర్లో పెట్టెయ్యొచ్చు గదా? ఇవాళ్టిదాకా ఎందుకు?” తనకి తనే జవాబు చెప్పుకున్నాడు. “లేదు. నిన్న లేపితే, ఈవిడ సీట్లో లేదనడానికి ఉన్న ఒక్క ఆధారమూ పోయేది. ఇవాళైతే టీ టైమ్‌కి హాలు ఖాళీ. ఐదింటికి నా చేత తెరిపిస్తే సరి. ఫైలు కనబడ్డాక అది ఎప్పుడొచ్చిందో ఎవరు చూస్తారు?” మీసం దువ్వుకోవడం మర్చిపోయి బావ వైపు తిరిగాడు. “నన్ను సాక్షిని చేశాడండీ వీడు.”

“మీరు బ్యాగులో పెట్టుకోబట్టే గదా ఇప్పుడిది కేసుగా నిలబడింది,” అన్నాడు బావ. మేజర్‌తో ఆయన మంచిగా మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి.

హెడ్ సారు తలుపు వదిలేసి దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

“పెన్ డ్రైవ్,” అని మేజర్ చెయ్యి చాపాడు.

“లేదు. నిన్న సాయంత్రమే ఇంకో కంపెనీవాళ్లకి ఇచ్చేశాను. వచ్చే నెల నుంచి నేను వాళ్ల దగ్గరే చేరుతున్నాను.” అతను తల ఎత్తి మేడమ్‌ని చూశాడు. అంత ఓడిపోయాక కూడా ఆ చూపులో ఒక మెరుపుంది. “ఇక నన్నేం చేసినా లాభం లేదు మేడమ్. ఈపాటికి అచ్చులు తయారవుతుంటాయి. ఆ మోకాలు ముందు వాళ్లదే వస్తుంది.”

మేడమ్ టేబుల్ అంచు పట్టుకుంది. మూడేళ్ల పని. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూసి నేను తల తిప్పుకున్నాను. దొంగని పట్టుకున్నామన్న సంతోషం కాస్తా నీరుగారిపోయింది.

“మేడమ్,” అంది డ్రాయింగ్ అక్క. ఆమె తెర మీది డ్రాయింగునే చూస్తోంది. మడత దగ్గర వేలు పెట్టింది. “ఇది పాతది.”

“అంటే?”

“మా అన్నయ్యని పడేసిన మోకాలు ఇదే. కాలు ముందుకు వేసినప్పుడు బరువంతా ఈ ఒక్క మేకు మీదికి వచ్చేస్తోంది. నేను మార్చి గీసింది ఇంకా ఆఫీసుకి తేలేదు. మూడు రాత్రులూ కాగితం మీదే గీశాను. మా ఇంట్లో, అన్నయ్య మంచం కింద చుట్టి పెట్టి ఉంది.”

హెడ్ సారు మొహంలో ఆ మెరుపు కూడా ఆరిపోయింది.

మేడమ్ టైపు చేసిన ఉత్తరాన్ని తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. తర్వాత డ్రాయింగ్ అక్క ముందుకొచ్చి నిలబడింది.

“నిన్న పడుకున్న గంటా సరిపోయిందా నీకు?”

“లేదు మేడమ్,” అంది ఆమె, నిజం చెప్పడం అలవాటైపోయి. అని కంగారుగా మేడమ్ చెయ్యి పట్టుకుంది. “ముందు వాళ్లకి ఫోన్ చెయ్యాలి మేడమ్. ఎవరికైనా తొడిగి మెట్లెక్కిస్తే పడతారు. వాళ్లెవరో మనకి తెలీదే.”

“తెలుస్తుంది,” అని బావ ఫోను తీసి హెడ్ సారు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మేజర్ అటు పక్క కుర్చీ వేసుకున్నాడు. “నంబరు చెప్పండి సారూ. నిదానంగానే చెప్పండి, తొందరేం లేదు. ఒరే బామ్మర్దీ, ఆ అల్లం టీ అందరికీ తెప్పించు. నాకు రెండు.”